చేతులు దాచుకోకమ్మా

ఇంటి బలిపీఠం

  

మా ద్రాక్షారామం పేరు విని పై ఊళ్ల బంధువులు ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు. “మీ ఊళ్లో ద్రాక్షతోటలు బాగా ఉంటాయా వదినా?” అని. లేవమ్మా, మాది వరి పండే ఊరు అని నవ్వుతాను. దక్షారామం అనే పాతపేరే జనం నోట ద్రాక్షారామం అయ్యిందని పెద్దలు చెబుతారు. భీమేశ్వరాలయం వల్ల ఈ ఊరి పేరు దేశమంతా తెలుసు. డిసెంబరు వచ్చిందంటే సార్వా కోతలు అయిపోయి, కళ్లాల్లో గడ్డిమేట్లు లేచి, తెల్లవారుజామున మంచు కాలువ గట్లను కప్పేస్తుంది. ఒకవైపు గుడి మైకులో ధనుర్మాసం పాటలు, మరోవైపు మన పేటలో క్రిస్మస్ పాటల ప్రాక్టీసు. వెదురుబద్దలతో నక్షత్రం కట్టి, రంగుకాగితాలు అంటించి, లోపల బల్బు పెట్టి, దాన్ని ముందు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి పాడటం మా సంఘంలో ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ.

ఆ నక్షత్రం విషయంలోనే సుమారు పదేళ్ల క్రితం నేనొక తప్పు చేశాను. ఈ నెల దాని గురించే మీతో చెప్పుకోవాలని ప్రభువు నా మనసులో పెట్టాడు.

మా సండేస్కూల్లో పదో తరగతి చదివే ఒక అమ్మాయి ఉండేది. తండ్రి లేడు. తల్లి కూలికి వెళ్లేది. పిల్ల గొంతు మంచిది, వాక్యం కంఠతా చెప్పడంలో ముందుండేది. ఆ ఏడు నక్షత్రం పట్టుకునే వంతు ఆ పిల్లకు వచ్చింది. అయితే ఆ వానాకాలం నుంచీ ఆమె పొడుగుచేతుల జాకెట్టే వేసుకొస్తోంది. ఎండలోనూ అంతే. ఎడమచెయ్యి చున్నీ కిందనే ఉండేది. నేను పట్టించుకోలేదు.

ఒకరోజు ప్రాక్టీసులో నక్షత్రం పైకెత్తినప్పుడు చెయ్యి జారి జాకెట్టు మోచేతి దాకా పోయింది. రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్దగా, పాలిపోయిన మచ్చ ఒకటి కనిపించింది. మరునాటికల్లా పేటంతా గుసగుసలు మొదలయ్యాయి. సాయంత్రం ఒక తల్లి మా ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడి, “అమ్మగారూ, అది పెద్దరోగం అంటున్నారండీ. ఆ పిల్ల పట్టుకున్న నక్షత్రం మా పిల్ల పట్టుకోదు. ఆ పిల్ల ముందు నడిస్తే మా వీధిలోకి పాటలకు రావద్దు” అంది.

నేనేం చేయాలి? పాస్టరుగారి భార్యను. సండేస్కూలు టీచర్ని. వాక్యం తెలిసినదాన్ని. అయినా గొడవ ఎందుకు, పండుగ ముందు సంఘంలో చీలిక ఎందుకు అనుకున్నాను. మరునాడు ఆ పిల్లను పక్కకు పిలిచి, “ఈ ఏడాదికి వెనక వరసలో ఉండి పాడమ్మా, నక్షత్రం ఇంకొకరికి ఇద్దాం” అన్నాను. ఆ పిల్ల ఒక్కమాట అనలేదు. నక్షత్రాన్ని గోడకు ఆనించి, చున్నీ సర్దుకుని వెళ్లిపోయింది. తరువాత ప్రాక్టీసుకు రాలేదు. ఆదివారం ఆరాధనకు తల్లి ఒక్కతే వచ్చింది.

సమాధానం కోసమే చేశానని నాకు నేను చెప్పుకున్నాను. ప్రియులారా, ఒక పిల్ల మనసు విరిచి తెచ్చుకున్నది సమాధానం కాదు, పిరికితనం. ఆ రెంటికీ తేడా ఆ రాత్రి మా అత్తగారు చెప్పేదాకా నాకు తెలిసిరాలేదు.

మా అత్తగారు పెద్దగా చదువుకున్న మనిషి కాదు. సంగతి విని చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “రామచంద్రపురంలో దొరసానిగారు ఎవరికోసం ఇల్లు కట్టించారో నీకు తెలుసా అమ్మాయ్?” అని అడిగారు.

ఈ సంగతి మన పిల్లలకు తెలియాలి గనుక రాస్తున్నాను. మన డెల్టాలో ఈ వైపు సువార్త పని చేసినవారు కెనడియన్ బాప్టిస్టు మిషనువారు. ఆ పనికి మొదటి విత్తనం వేసినది పరదేశి కాదు, థామస్ గాబ్రియేలు అనే మన తెలుగు విశ్వాసి. తంతి శాఖలో ఉద్యోగం వదులుకుని కాకినాడలో సేవ ఆరంభించాడు. ఆయన పిలుపు మీద 1874లో మెక్లారిన్ దొరగారు కాకినాడ వచ్చారు. అక్కడినుంచి పని రామచంద్రపురానికి వ్యాపించింది. మా ఊరికి ఎంతో దూరం లేని ఆ రామచంద్రపురంలోనే మిస్ ఇసబెల్ హేచ్ అనే కెనడా దొరసానిగారు ఊళ్లవాళ్లు వెళ్లగొట్టిన కుష్ఠురోగులను చూసి, వారికోసం ఒక ఆశ్రమం ఏర్పడేలా పాటుపడింది. నూరేళ్లు దాటిన మాట ఇది. అప్పటికి ఆ రోగానికి నయం చేసే మందే లేదు. 1898లో తెల్లదొరల ప్రభుత్వం చేసిన చట్టం బిచ్చమెత్తే కుష్ఠురోగులను పట్టుకుని వేరుగా ఉంచమని చెప్పింది. ఇంట్లోవాళ్లే పొలిమేర దాటించేవారు. మందు లేని ఆ రోజుల్లో ఆ ఇల్లు వాళ్లకు ఇవ్వగలిగింది కూడు, గుడ్డ, గాయాలకు కట్టు, పేరుపెట్టి పిలిచే ఒక మనిషి. అంతే.

“మందు లేని రోజుల్లో ముట్టుకున్నవాళ్ల సంఘం మనది,” అన్నారు మా అత్తగారు. “మందున్న రోజుల్లో నువ్వు నక్షత్రం లాక్కున్నావు.”

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మార్కు సువార్త మొదటి అధ్యాయం తెరిచాను. కుష్ఠరోగి ఒకడు ప్రభువు దగ్గరకు వచ్చి మోకరించి వేడుకున్న సంగతి అందులో ఉంది. బైబిల్లో కుష్ఠు అని చెప్పినది నేటి కుష్ఠురోగం ఒక్కటే కాదనీ, రకరకాల చర్మవ్యాధులకు ఆ మాట వాడేవారనీ పండితులు చెబుతారు. ఏదైనా సరే, అలాటివాడు పాళెము వెలుపల ఉండవలసినవాడే. ఆ భాగాన్ని నేను పిల్లలకు ఎన్నిసార్లు బోధించానో! కాని ఒక సంగతి ఆ రాత్రే చూశాను. ప్రభువు ముందు వాణ్ని బాగుచేసి, శుద్ధుడైన తరువాత ముట్టుకోలేదు. ముందు చెయ్యి చాపి ముట్టాడు. శుద్ధి తరువాత వచ్చింది. మచ్చ ఉండగానే ముట్టాడు. నేనేమో ఏ రోగమో తెలియకముందే చెయ్యి వెనక్కు తీసుకున్నాను.

తెల్లవారగానే మా అయ్యగారూ నేనూ ఆ ఇంటికి వెళ్లాం. తల్లి కంగారుపడి చాప వేసింది. పిల్ల తలుపు చాటున నిలబడింది. నేను తప్పు చేశాను, క్షమించమ్మా అన్నాను. చాలాసేపటికి ఆ పిల్ల ఒక ప్రశ్న అడిగింది. “అమ్మగారూ, నేను ముట్టుకుంటే నక్షత్రం కూడా మైలపడిపోద్దాండీ?”

అంతమాటకు నా దగ్గర జవాబు లేదు. చున్నీ కింద నుంచి ఆ చేతిని బయటకు తీసి నా రెండు చేతులతో పట్టుకున్నాను. తల్లి ఏడ్చేసింది. “ఆ మచ్చ కనబడిన కాణ్నించీ దీని కంచం ఇదే వేరుగా పెట్టుకుందండీ. నేను వద్దన్నా వినదు. రాత్రిళ్లు, నేనెందుకు పుట్టానమ్మా అని అడుగుతాది” అని చెప్పింది.

ఆ పూటే ముగ్గురం ఆమెను ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరుగారు కళ్లు మూసుకోమని చెప్పి, దూదితో చెయ్యి మీద అక్కడక్కడా తాకి, ఎక్కడ తాకానో చూపించమన్నారు. మచ్చ మీద తాకినప్పుడు పిల్ల ఏమీ చూపించలేదు. స్పర్శ లేదు. మోచేతి దగ్గర నరాలు పట్టి చూశారు. అది కుష్ఠురోగమే, కాని తొలిదశ అన్నారు. తల్లి గోడకు చేరగిలబడిపోయింది. డాక్టరుగారు నెమ్మదిగా చెప్పిన మాటలు నేను మీకోసం రాస్తున్నాను. మన ఇళ్లలో ఇవి తెలియక ఎందరో దాచుకుని చేతులు వంకర చేసుకుంటున్నారు.

ఇది శాపం కాదు. పూర్వపు పాపఫలం కాదు. వంశంలో వచ్చేది కాదు. నార్వే దేశపు హాన్సెన్ అనే వైద్యుడు 1873లోనే దీనికి కారణమైన సూక్ష్మజీవిని కనిపెట్టాడు. చాలామంది శరీరాలకు దీనిని తట్టుకునే శక్తి సహజంగానే ఉంటుంది. చెయ్యి పట్టుకున్నంత మాత్రాన, పక్కన కూర్చున్నంత మాత్రాన అంటుకోదు. మందు మొదలుపెట్టిన కొద్దిరోజులకే ఇతరులకు సోకించే గుణం పోతుంది. రెండు మూడు మందులు కలిపి ఇచ్చే బహుళౌషధ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసింది. మచ్చలు కొద్దిగా ఉంటే 6 నెలలు, ఎక్కువగా ఉంటే 12 నెలలు మందు వాడాలి. ప్రభుత్వాసుపత్రిలో పూర్తిగా ఉచితం. ఆలస్యం చేస్తే నరాలు దెబ్బతిని వేళ్లు వంగిపోతాయి, కాళ్లకు పుండ్లు పడతాయి. తొందరగా వస్తే మచ్చతోనే పోతుంది. దాచుకోవడమే అసలు ప్రమాదం.

2005 డిసెంబరు నాటికి మన దేశంలో ఈ రోగుల సంఖ్య పదివేల మందికి ఒకరికంటే తగ్గిందని ప్రభుత్వం ప్రకటించింది. అయితే రోగం పూర్తిగా పోలేదు. కొత్త కేసులు ఇంకా వస్తూనే ఉన్నాయి. నేను ముందు చెప్పిన 1898 చట్టాన్ని 2016లో రద్దు చేశారు. భార్యకో భర్తకో కుష్ఠు ఉందని విడాకులు కోరే వీలును కూడా 2019లో చట్టంనుంచి తీసేశారు. చట్టం పుస్తకంలోనుంచి కొట్టేసిన మాటను మన గుండెల్లోనుంచి కొట్టేయడానికి ఇంకా ఎన్నాళ్లు పడుతుంది?

ఇక ఆ క్రిస్మస్ సంగతి. మందు మొదలైంది. నక్షత్రం నువ్వే పట్టుకో అని నేను బతిమాలాను. ఆ పిల్ల ఒప్పుకోలేదు. “జాలిపడి ఇస్తే నాకొద్దండి. మళ్లీ ఏడు నా వంతు వస్తే పట్టుకుంటాను. ఈ ఏడు గుడిలో వాక్యం చదవనివ్వండి” అంది. అందరూ చూస్తుండగా నిలబడటం నక్షత్రం పట్టుకుని చీకట్లో నడవటం కంటే కష్టమైన పని. అదే అడిగింది.

క్రిస్మస్ ఉదయం గుడి నిండిపోయింది. ఆ పిల్ల పొట్టిచేతుల జాకెట్టుతో వచ్చింది. బల్లముందు నిలబడి, పెద్ద బైబిలు మీద రెండు చేతులూ ఆనించి, లూకా సువార్త రెండవ అధ్యాయం చదివింది. మొదట గొంతు వణికింది. గొర్రెల కాపరుల దగ్గరకు వచ్చేసరికి నిలకడ పట్టింది. గుమ్మంలో నిలబడి ఆ మాటలన్న తల్లి, పిల్లలను తీసుకుని మధ్యలోనే లేచి వెళ్లిపోయింది. అందరూ ఒక్కరోజులో మారిపోయారని నేను మీకు చెప్పను. ఆ కుటుంబం మా గుడికి తిరిగి రావడానికి రెండేళ్లు పట్టింది. కాని ఆ పిల్ల చదవడం ఆపలేదు. వాళ్లు లేచి వెళ్లడం చూసింది, మళ్లీ పుస్తకంలోకి చూసింది, చివరివరకు చదివింది.

ప్రియులారా, ఆమె ఆ భాగమే ఎందుకు కోరుకుందో తరువాత నాకు అర్థమైంది. లోకరక్షకుడు పుట్టిన వార్త రాజనగరికి ముందు పంపబడలేదు. దేవాలయంలోని ప్రధానయాజకునికి చెప్పబడలేదు. రాత్రివేళ పొలంలో మందను కాచుకునే కూలివాళ్లకు చెప్పబడింది. గొర్రెల వాసన కొట్టే బట్టలతోనే వాళ్లు శిశువును చూడబోయారు. స్నానం చేసి రండి, మంచి బట్టలు కట్టుకుని రండి అని దూత చెప్పలేదు. వాళ్లకిచ్చిన గురుతు కూడా పశువుల తొట్టే. అది వాళ్లకు బాగా తెలిసిన వస్తువు. రాజభవనంలో పుట్టి ఉంటే కావలివాళ్లు గేటు దగ్గరే ఆపేసేవారు. ఎవరూ ఆపలేని చోట ప్రభువు పుట్టాడు.

మన విలువ ఎక్కడినుంచి వస్తుంది? ఒంటి రంగునుంచి కాదు. కట్నం తూగే తూకంనుంచి కాదు. పరీక్షలో వచ్చిన మార్కులనుంచి కాదు. గల్ఫునుంచి వచ్చిన డబ్బుతో కట్టిన డాబానుంచి కాదు. దేవుడు మనలను ప్రియులుగా ఎంచాడు గనుక వస్తుంది. యెషయా 43వ అధ్యాయం 4వ వచనం ఈ రాత్రి ఇంట్లో అందరూ కలిసి చదవండి.

మన తెలుగు సంఘపు చరిత్ర కూడా ఇదే చెబుతుంది. తెలుగులో క్రొత్త నిబంధనను 1818లో శ్రీరాంపూరులో అచ్చువేయించిన విలియం కేరీ చెప్పులు కుట్టినవాడు. పెద్దదొరల విందులో ఒక అధికారి, ఇతను పూర్వం చెప్పులు చేసేవాడు కాదా అని వెటకారంగా అడిగితే, కొత్తవి చేసేవాణ్ని కూడా కానండీ, పాతవి బాగుచేసేవాణ్ని అని కేరీ తానే సరిదిద్దాడట. తన విలువ ఎక్కడుందో తెలిసినవాడికి దాచుకోవలసినది ఏముంటుంది?

ఒంగోలుకు 1866లో వచ్చిన క్లౌ దొరగారి సంగతి పెద్దలకు తెలుసు. మాదిగలను చేర్చుకుంటే మేము రాము, మా పిల్లలను బడికి పంపము అని పైకులాలవారు పట్టుబట్టారు. దొరగారు ఒక గదిలో, ఆయన భార్య మరో గదిలో, ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకటే భాగం వచ్చింది. అది మొదటి కొరింథీయులకు 1వ అధ్యాయం 26నుంచి 29 వరకు. ఎన్నికలేనివారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న భాగం అది. బడి పిల్లలు వెళ్లిపోయారు. వాళ్లు మాత్రం వెనక్కు తగ్గలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. క్లౌ దొరగారి ముందు వచ్చిన ప్రశ్నే నా గుమ్మంలోకీ వచ్చింది. ఆయన నిలబడ్డాడు, నేను మొదట పడిపోయాను.

ధైర్యం అంటే భయం లేకపోవడమని అనుకుంటాం. న్యాయాధిపతులు 6వ అధ్యాయంలో గిద్యోనును చూడండి. శత్రువులకు భయపడి గోధుమలను కళ్లంలో కాక ద్రాక్షగానుగ చాటున దుళ్లగొడుతున్నాడు. దాక్కున్న ఆ మనిషినే దూత పరాక్రమశాలీ అని పిలిచాడు. నా కుటుంబం బీదది, నేను అందరిలో చిన్నవాణ్ని అని గిద్యోను చెప్పుకున్నాడు. దేవుడు కాదనలేదు, నేను నీకు తోడుగా ఉంటాను అన్నాడు. మా ద్రాక్షారామంలో ద్రాక్షగానుగలు లేవు గాని, దాక్కునే చోట్లు మాత్రం ప్రతి ఇంట్లో ఉన్నాయి. ఒకరికి చున్నీ, ఒకరికి మూసిన తలుపు, నాకు సమాధానం అనే మంచిమాట.

ఆ అమ్మాయి ఆరు నెలల మందు పూర్తిచేసింది. మచ్చ కొంచెం జాడ మిగిలింది. మరుసటి ఏడు వంతు ప్రకారమే నక్షత్రం పట్టుకుంది. తరువాత నర్సింగు చదివింది. ఇప్పుడు వేరే ఊళ్లో ఉద్యోగం చేసుకుంటోంది. ఇది రాయనా అని అడిగితే, “పేరు వద్దండి అమ్మగారూ, మచ్చ సంగతి మాత్రం రాయండి. ఇంకెవరైనా దాచుకుంటున్నారేమో” అంది.

అందుకే ఈ క్రిస్మస్‌కు ప్రతి కుటుంబాన్ని మూడు పనులు చేయమని వేడుకుంటున్నాను. ఒకటి, సున్నాలు వేసి, అరిసెలు వండుకునే ఈ రోజుల్లో పిల్లలను ఒకసారి వెలుతురులో కూర్చోబెట్టి చూడండి. పాలిపోయిన లేక ఎర్రబారిన మచ్చ, స్పర్శ తెలియని చోటు కనబడితే దాచకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. రెండు, మీ పేటలో పండుగకు ఎవరూ పిలవని ఇల్లు ఒకటి ఉంటుంది. అది ఏ ఇల్లో మీకే తెలుసు. పాటలవాళ్లను ముందు ఆ గుమ్మానికి నడిపించండి, లోపలికి వెళ్లి వాళ్లిచ్చిన టీ తాగండి. మూడు, ఇంట్లో ఎవరైనా నేనెందుకు పుట్టాను అని అడుగుతుంటే, ఊరుకో అని కసరవద్దు. పక్కన కూర్చోండి, చెయ్యి పట్టుకోండి, పశువులతొట్టి దగ్గర నిలబడిన కాపరుల సంగతి చదివి వినిపించండి.

ప్రార్థన: మాకోసం పశువులతొట్టిలో పవళించిన ప్రభువా, మేము దాచుకున్న చేతులను నీ ముందు చాపుతున్నాము. మచ్చ ఉండగానే ముట్టే నీ ప్రేమకు వందనములు. సమాధానం పేరుతో మేము గాయపరచిన చిన్నవారి విషయమై మమ్మును క్షమించుము. తలుపు చాటున నిలబడినవారికి ధైర్యమును, గుమ్మంలో నిలబడి అడ్డగించే మాకు మారుమనస్సును దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.